స్మార్ట్‌వాచ్‌లో ఏది మీ చేతికి? ఆకారం, వాడకం చూసి ఎంచుకోవడం ఎలా

స్మార్ట్‌వాచ్ పెట్టె మీద ‘వంద స్పోర్ట్స్ మోడ్‌లు’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ వందలో మనం వాడేది నడక ఒక్కటే, మహా అయితే సైకిలు. పెట్టె మీద రాయని సంగతులు వేరే ఉన్నాయి. పక్కకు తిరిగి పడుకుంటే మణికట్టుకు ఒత్తుకుంటుందా? తడి వేలితో ముట్టుకుంటే పలుకుతుందా? మే నెల మధ్యాహ్నం బెజవాడ బస్టాండు బయట నిలబడితే టైమైనా కనిపిస్తుందా? బెల్టు తెగితే ఊళ్లో దొరుకుతుందా? కొన్న మూడు నెలలకే వాచీ సొరుగులోకి పోవడానికి నేను చూసినంతలో ఇవే కారణాలు. ఫీచర్లు తక్కువై మూలన పడేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

అందుకే ఇక్కడ ఫీచర్ల చిట్టా పక్కన పెట్టి, ఆకారం, వాడకం చూసి పోలుద్దాం. బరువులు, బ్యాటరీ గంటలు కంపెనీలు చెప్పినవే. మన వాడకంలో బ్యాటరీ అంతకంటే తక్కువే వస్తుందని ముందే అనుకుంటే మంచిది.

ముందు జేబులో ఫోను చూసుకోండి

సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది. ఆపిల్ వాచ్ ఐఫోన్‌తో తప్ప పనిచేయదు. శాంసంగ్ 2021లో గెలాక్సీ వాచ్ 4 నుంచి గూగుల్ వాచీల కోసం చేసిన వేర్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కు మారింది. అప్పటినుంచి వచ్చినవి ఐఫోన్‌తో కలవవు. పిక్సెల్ వాచ్, వన్‌ప్లస్ వాచ్ 2 కూడా ఆండ్రాయిడ్‌కే. గార్మిన్, అమేజ్‌ఫిట్, సీఎంఎఫ్, నాయిస్, బోట్ లాంటివి రెండు రకాల ఫోన్లతోనూ నడుస్తాయి.

అమెరికాలో ఉన్న పిల్లలు సాధారణంగా తడబడేది ఈ చోటే. డాలస్‌లో ముచ్చటపడి ఆపిల్ వాచ్ కొంటారు, సెలవులకు వచ్చినప్పుడు నాన్నగారి చేతికి పెడతారు. ఆయన ఫోనేమో ఆండ్రాయిడ్. ఇక అది బీరువాలో నగల పక్కన ఉండాల్సిందే. సెల్యులార్ మోడల్ (సొంతంగా మొబైల్ నెట్‌వర్క్ పట్టేది) అయితే కుటుంబంలో ఇంకొకరి ఐఫోన్‌తో సెట్ చేసే ‘ఫ్యామిలీ సెటప్’ అనే దారి ఉంది. కానీ అక్కడ కొన్న మోడల్ ఇక్కడి నెట్‌వర్క్‌కు సరిపడుతుందో లేదో మోడల్ నంబరుతో సహా చూసుకోవాలి. ఇంకో మెలిక కూడా ఉంది. పేటెంట్ గొడవ వల్ల 2024 జనవరి నుంచి అమెరికాలో అమ్మిన కొత్త ఆపిల్ వాచీల్లో రక్తంలో ఆక్సిజన్ కొలిచే సదుపాయం తీసేశారు. 2025 ఆగస్టులో దాన్ని వేరే పద్ధతిలో, లెక్క ఐఫోన్‌లో కట్టేలా, తిరిగి ఇచ్చారు. అమ్మానాన్నల ఆరోగ్యం కోసమే కొంటుంటే ఈ సంగతి తెలిసి కొనండి.

మణికట్టు ఎంత, వాచీ ఎంత

డయల్ వెడల్పు చూసి కొనడం మనకు అలవాటు. దానికంటే ముఖ్యమైన కొలతలు రెండు: బెల్టు తగిలే పై కొన నుంచి కింది కొన దాకా పొడవు, మందం. ఒక స్కేలు తీసుకుని మణికట్టు పైభాగం వెడల్పు కొలవండి. వాచీ పొడవు అంతకు మించి ఉంటే కొనలు రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి. చొక్కా చేతికి తగులుకుంటుంది, తలుపు గడియకు కొట్టుకుంటుంది, కింద ఖాళీ ఉండిపోయి గుండె వేగం లెక్క కూడా తప్పుతుంది. వెనక ఉండే ఆకుపచ్చ లైటు చర్మానికి ఆనుకుంటేనే రక్తప్రవాహాన్ని చదవగలదు. ముంజేతి మీద పచ్చబొట్టు ఉన్నవాళ్లకు ఆ సిరా అడ్డుపడి అంకెలు సరిగ్గా రాకపోవచ్చు. పెద్దవాళ్లకు కొనేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి.

మందం సంగతి చేతికి పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఆపిల్ సిరీస్ 10, గెలాక్సీ వాచ్ 7 రెండూ 9.7 మి.మీ. మందమే. ఫుల్ హ్యాండ్స్ చొక్కా కఫ్ కిందికి సులువుగా దూరిపోతాయి. ఆపిల్ వాచ్ అల్ట్రా 2 మందం 14.4 మి.మీ., వెడల్పు 49 మి.మీ. కఫ్ బొత్తాం పెట్టాలంటే కుస్తీ పట్టాలి. గాజులు వేసుకునే చేతికి పెట్టుకుంటే మందపాటి వాచీ అంచును గాజులు రోజంతా గీరుతూనే ఉంటాయి. ఖాళీగా ఉండే చేతికి పెట్టుకోవడం ఒక దారి, అంచు కంటే తెర మీది అద్దం కాస్త లోపలికి ఉండే మోడల్ తీసుకోవడం ఇంకోటి. పిక్సెల్ వాచ్‌లా అద్దం గుమ్మటంలా పైకి లేచి అంచుల దాకా వంగి ఉండేది చూడ్డానికి నీటి బొట్టులా ఎంత ముచ్చటగా ఉన్నా, గాజుల చేతికి మాత్రం వద్దంటాను.

షాపులో ఒక చిన్న పరీక్ష చేయండి. వాచీ పెట్టుకుని బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు మణికట్టు వెనక్కి వంచండి. పక్కనున్న కీ గానీ బటన్ గానీ చేతి వెనక భాగానికి నొక్కుకుంటుందేమో చూడండి. నొక్కుకుంటే ట్రాఫిక్‌లో వెళ్తుండగా పాటలు మారతాయి, అసిస్టెంట్ ‘చెప్పండి’ అంటూ లేస్తుంది. ఆపిల్ వాచ్‌లో పక్క బటన్ ఎక్కువసేపు నొక్కుకుపోతే అత్యవసర కాల్ దాకా పోతుంది. అందులో కీ మోచేతి వైపుకు వచ్చేలా తిప్పి పెట్టుకునే సెట్టింగ్ ఉంది. దండీలు తీసేవాళ్లు, రోజూ బండి నడిపేవాళ్లు మొదటి రోజే అలా మార్చుకోవచ్చు.

గుండ్రమా, పలకా?

ఇది అందం గొడవలా కనిపిస్తుంది కానీ ఇందులో లెక్క ఉంది. ఒకే వెడల్పున్న చతురస్రంతో పోలిస్తే గుండ్రటి స్క్రీన్ వైశాల్యం 78.5 శాతమే. పోయిన ఆ నాలుగు మూలలూ అక్షరాలు ఉండాల్సిన చోటు. గుండ్రటి వాచీలో మెసేజ్ చదువుతుంటే పై వరుస, కింది వరుస కురచగా వస్తాయి, మధ్యలోనే నిండుగా ఉంటుంది. తెలుగు మెసేజ్‌లకు ఇది ఇంకాస్త ఇబ్బంది. కింద ఒత్తులకు, పైన గుడులకు చోటు కావాలి కాబట్టి వరుసకు వరుసకు ఎడం ఎక్కువ. ఇంగ్లిష్‌లో ఆరు వరుసలు పట్టే చోట తెలుగులో నాలుగు పడితే గొప్ప.

వాట్సాప్ గ్రూపులు, బ్యాంకు మెసేజ్‌లు, క్యాలెండర్ వాచీలోనే చూసుకునేవాళ్లకు పలక ఆకారం నయం. టైము, అడుగులు, ఎవరు ఫోన్ చేస్తున్నారో తెలిస్తే చాలనుకునేవాళ్లకు గుండ్రం హాయి. ముళ్లున్న డయల్ పెట్టుకుంటే మామూలు గడియారంలాగే ఉంటుంది, పెళ్లిలో పట్టుచీరకీ, ఆఫీసులో సూటుకీ నప్పుతుంది. పలక వాచీకి ఎంత ఖరీదైన బెల్టు వేసినా చేతి మీద చిన్న ఫోను కట్టుకున్నట్టే ఉంటుంది. నా ఓటు మాత్రం చదవడానికే కాబట్టి పలకకే. మీరు అద్దంలో చూసుకుని తేల్చుకోండి.

ఒక్క జాగ్రత్త. చవక వాచీల్లో కొన్నిటికి తెలుగు అక్షరాలు రావు. అమ్మ పంపిన మెసేజ్ వరుసగా ఖాళీ డబ్బాల్లా కనిపిస్తుంది. పెట్టె మీద ‘హిందీ సపోర్ట్’ అని ఉన్నంత మాత్రాన తెలుగు ఉన్నట్టు కాదు. షాపులోనే జత చేయించి, పక్కవాళ్లతో ‘బయల్దేరావా?’ అని తెలుగులో ఒక మెసేజ్ పెట్టించుకుని చూడండి. ఆపిల్ వాచ్‌లోనూ, వేర్ ఓఎస్ వాచీల్లోనూ ఈ బెంగ లేదు.

వేలు, కీ, బటన్

చపాతీ పిండి కలుపుతుండగా కుక్కర్‌కు పెట్టిన టైమర్ మోగింది. వేలికి పిండి, స్క్రీన్ మీద ఆవిరి. టచ్ పలకదు. వానలో, చెమటలో, నూనె చేతుల్లో ఇదే కథ. అప్పుడు ఆదుకునేది నిజంగా పనిచేసే కీ, బటన్.

ఆపిల్ కీ తిప్పితే జాబితా సాఫీగా కదులుతుంది, వేలికి చిన్న అదురు తెలుస్తుంది. శాంసంగ్ ‘క్లాసిక్’ మోడళ్లలో డయల్ చుట్టూ ఉండే ఉంగరం టకటకమంటూ తిరుగుతుంది. నిజానికి ఈ పోలికలో నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం అదే. గ్లవ్స్ వేసుకున్నా, చూడకుండా తిప్పినా పనిచేస్తుంది. మామూలు గెలాక్సీ వాచ్‌లో ఆ ఉంగరం ఉండదు, అంచు మీద వేలు జరపాలి. కానీ క్లాసిక్ బరువు ఎక్కువ. వాచ్ 6 క్లాసిక్ 47 మి.మీ. మోడల్ బెల్టు లేకుండానే 59 గ్రాములు.

గార్మిన్ పరుగు వాచీల దారి వేరు. ఎడమ పక్క మూడు, కుడి పక్క రెండు, మొత్తం ఐదు బటన్లు. ఫోర్‌రన్నర్ 55లో అసలు టచ్చే లేదు. మొదటి వారం చిరాకు పుట్టిస్తుంది. అలవాటయ్యాక వానలో పరుగెడుతున్నా చూడకుండా ల్యాప్ నొక్కేయొచ్చు.

ఇక రెండు వేల లోపు వాచీల్లో కీ చాలాసార్లు అలంకారమే. తిరుగుతుంది, కానీ తెర మీద ఏదీ కదలదు. కొనేముందు తిప్పి చూడండి.

ఎండలో కనిపించాలి, రాత్రికి మిగలాలి

చవక వాచీల్లో ఎల్‌సీడీ తెర ఉంటుంది. చెయ్యి ఎత్తితే వెలగాలి, వెలిగేలోపు ఒక్క క్షణం ఆలస్యం, ఎండలో వెలిసినట్టుంటుంది. అమోలెడ్ అనే రకం తెరలో నలుపు నిజమైన నలుపుగా, అంకెలు స్పష్టంగా ఉంటాయి. ఇప్పుడు ఐదు వేల రూపాయలకే దొరుకుతోంది కాబట్టి ఎల్‌సీడీ జోలికి పోవాల్సిన పని దాదాపు లేదు. సిరీస్ 10 వెలుగు 2000 నిట్‌లు, అల్ట్రా 2ది 3000 నిట్‌లు. గార్మిన్ కొన్ని మోడళ్లలో ఇంకో రకం తెర ఉంది. అది ఎండ వెలుగునే వాడుకుంటుంది, ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది, బ్యాటరీ పెద్దగా తినదు. ఇంట్లో లైటు కింద మాత్రం వెలవెలబోతుంది. షోరూంలో పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరూ దాన్ని కొనరు. పొలం పనిలో, సైట్‌లో, రోడ్డు మీద రోజంతా ఉండేవాళ్లకు మాత్రం అదే మేలు.

బ్యాటరీ విషయంలో వాచీలు రెండు జాతులు: రోజూ ఛార్జ్ పెట్టాల్సినవి, వారానికోసారి పెట్టాల్సినవి. మధ్యలో ఉన్నవి తక్కువ. మీరు ఏ జాతి మనిషో ముందు తేల్చుకోండి. ఫోన్ పక్కనే రాత్రి వాచీ కూడా ఛార్జ్‌లో పెట్టేసేవాళ్లకు 18 గంటల బ్యాటరీ సరిపోతుంది. కానీ అదే మనిషికి నిద్ర లెక్క కూడా కావాలంటే వాచీ రాత్రి చేతికే ఉండాలి. అప్పుడు స్నానానికి వెళ్లే ముందు ఛార్జ్‌లో పెట్టి, టిఫిన్ అయ్యాక తీసుకోవడం తప్ప దారి లేదు. సిరీస్ 10 అరగంటలో 80 శాతం ఎక్కుతుంది కాబట్టి ఈ పద్ధతి బాగానే కుదురుతుంది. ‘వన్‌ప్లస్ వాచ్ 2’ అయితే ఒక్క గంటలో నిండుతుంది, పైగా నాలుగు రోజులు వస్తుంది. డయల్ ఎప్పుడూ వెలుగుతూ ఉండే సెట్టింగ్ పెడితే ఏ వాచీ బ్యాటరీ అయినా గట్టిగానే తగ్గుతుంది.

నీళ్ల లెక్క

ఐపీ67 అంటే మీటరు లోతు మామూలు నీళ్లలో అరగంట. చేతులు కడుక్కోవడానికి, వానకు చాలు. ఐపీ68 అంటే మీటరు కంటే లోతు, ఎంత అన్నది కంపెనీ చెబుతుంది. 5 ఏటీఎం అని ఉంటే ఈత కొట్టొచ్చు. అలా అని 50 మీటర్ల లోతుకు దూకమని కాదు, కదలని నీటిలో అంత ఒత్తిడికి తట్టుకుంటుందని. సబ్బు, వేడినీళ్ల ఆవిరి లోపలి రబ్బరు సీళ్లను మెల్లగా పాడు చేస్తాయి, కాబట్టి స్నానానికి తీసేయడమే మంచిది. విశాఖ బీచ్‌లో మునిగొస్తే మంచినీళ్లతో కడగండి.

ఒకచోట పెట్టి చూస్తే

| వాచీ | ఆకారం | కొలత, మందం, బరువు (బెల్టు లేకుండా) | బ్యాటరీ | ఏ ఫోన్ | భారత్‌లో విడుదల ధర (రూ.) |
|---|---|---|---|---|---|
| ఆపిల్ సిరీస్ 10 (అల్యూమినియం) | పలక | 42/46 మి.మీ., 9.7 మి.మీ., 30/36 గ్రా. | 18 గంటలు | ఐఫోన్ | 46,900 నుంచి |
| ఆపిల్ అల్ట్రా 2 | పలక | 49 మి.మీ., 14.4 మి.మీ., సుమారు 61 గ్రా. | 36 గంటలు | ఐఫోన్ | 89,900 |
| గెలాక్సీ వాచ్ 7 | గుండ్రం | 40/44 మి.మీ., 9.7 మి.మీ., 29/34 గ్రా. | 40 గంటలు (డయల్ ఎప్పుడూ వెలిగితే 30) | ఆండ్రాయిడ్ | 29,999 నుంచి |
| వన్‌ప్లస్ వాచ్ 2 | గుండ్రం | సుమారు 47 మి.మీ., 12.1 మి.మీ., 49 గ్రా. | 100 గంటలు | ఆండ్రాయిడ్ | 24,999 |
| గార్మిన్ ఫోర్‌రన్నర్ 165 | గుండ్రం, ఐదు బటన్లు | 43 మి.మీ., 11.6 మి.మీ., 39 గ్రా. (బెల్టుతో) | 11 రోజులు | రెండూ | సుమారు 33,500 |
| సీఎంఎఫ్ వాచ్ ప్రో 2 | గుండ్రం, మార్చుకునే అంచు | 1.32 అంగుళాల తెర | 11 రోజులు | రెండూ | 4,999 |

విడుదల ధరలు పోలిక కోసమే. కొత్త మోడల్ రాగానే పాతవి దిగుతాయి, దసరా, దీపావళి ఆఫర్లలో ఇంకా దిగుతాయి. ఒక తరం పాత వాచీ కొనడం ఈ వస్తువుల్లో నష్టం కాదు. ఉదాహరణకు సిరీస్ 11 వచ్చాక పెద్దగా మారిందేమిటంటే బ్యాటరీ 18 నుంచి 24 గంటలైంది, గాజు గట్టిపడింది.

ఆపిల్ వాచ్

ఐఫోన్ ఉన్నవాళ్లు దీన్ని కాదనాలంటే కారణం ఒక్కటే, బ్యాటరీ. మిగతా అన్నిటిలో ముందుంది. ఆపిల్‌లో చవక మోడల్ అయిన ఎస్ఈ (రెండో తరం)కి, సిరీస్ మోడళ్లకు తేడా వెతికితే ఎస్ఈలో డయల్ ఎప్పుడూ వెలిగి ఉండదు, ఈసీజీ లేదు. పడిపోతే గుర్తించి కాల్ చేసే సదుపాయం మాత్రం దానిలోనూ ఉంది. 55 ఏళ్లు దాటినట్టు వయసు ఇస్తే అది తనంతట తనే ఆన్ అవుతుంది. పెద్దవాళ్లకు ఐఫోన్ ఉండి, ఒంటరిగా ఉంటుంటే ఎస్ఈ చాలు, సిరీస్ దాకా పోనక్కర్లేదు.

అల్ట్రా గురించి నిర్మొహమాటంగా చెబుతాను. టైటానియం ఒళ్లు, వంద మీటర్ల నీటి భద్రత ఉన్న ఆ వాచీని మన దగ్గర కొంటున్నవాళ్లలో చాలామంది సముద్రంలో దూకరు, కొండలెక్కరు. గచ్చిబౌలి ఆఫీసులో ల్యాప్‌టాప్ అంచుకు దాన్ని గీరుతూ ఉంటారు. పెద్ద తెర కోసమైతే 46 మి.మీ. సిరీస్ దాదాపు అంతే చోటిస్తుంది, సగం కంటే కాస్త ఎక్కువ బరువుకే.

గాజు సంగతి కూడా ఇక్కడే. అల్యూమినియం మోడళ్లకు మామూలు గట్టి గాజు, టైటానియం మోడళ్లకు సఫైర్. మోస్ కొలమానంలో సఫైర్ గట్టితనం 9, ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌ది 7. అందుకే ఇసుక, సిమెంటు గోడ సఫైర్ మీద గీత పెట్టలేవు, మామూలు గాజు మీద పెడతాయి. అలాగని సఫైర్ పగలదని కాదు. గట్టి రాయి మీద పడితే అదీ పగులుతుంది.

గెలాక్సీ, పిక్సెల్, వన్‌ప్లస్

ఆండ్రాయిడ్ ఫోన్‌వాళ్లకు ‘నిజమైన’ స్మార్ట్‌వాచ్ అంటే ఇవే. యాప్‌లు వేసుకోవచ్చు, వాట్సాప్‌కు 2023 నుంచి సొంత యాప్ ఉంది, మ్యాప్ చేతిలోనే చూడొచ్చు. ఫోన్ శాంసంగ్ కాకపోతే మాత్రం గెలాక్సీ వాచ్‌లో ఈసీజీ, బీపీ అందవు, వాటి యాప్ శాంసంగ్ ఫోన్‌లోనే పనిచేస్తుంది. రెడ్‌మీ ఫోన్ చేతిలో పెట్టుకుని ఆ రెండిటి కోసమే గెలాక్సీ వాచ్ కొనడం డబ్బు దండగ.

వన్‌ప్లస్ వాచ్ 2లో రెండు చిప్‌లు ఉన్నాయి. చిన్న పనులన్నీ చిన్న చిప్ చూసుకుంటుంది, పెద్దది అవసరమైనప్పుడే లేస్తుంది. నాలుగు రోజుల బ్యాటరీ వెనక కిటుకు అదే. కానీ ఒకే సైజు, అదీ పెద్దది. సన్నటి మణికట్టుకు అస్సలు నప్పదు. అలాంటి చేతికి గెలాక్సీ 40 మి.మీ. తప్ప వేరే మంచి దారి ఈ వర్గంలో కనిపించదు.

గార్మిన్

పరుగు మొదలుపెట్టినవాళ్లు ఆర్నెల్లు ఫోన్‌తో పరుగెత్తి, అప్పటికీ మానకపోతే అప్పుడు కొనండి. వారంలో నాలుగు రోజులు నెక్లెస్ రోడ్ మీదో, కేబీఆర్ పార్కు చుట్టో తిరిగేవాళ్లకు జీపీఎస్, ఐదు బటన్లు, పది రోజుల బ్యాటరీ కలిసి వస్తాయి. 39 గ్రాములు అంటే చేతికి ఉన్నట్టే తెలియదు. చూడ్డానికి ప్లాస్టిక్ వాచీలాగే ఉంటుంది, ‘ఇంత ఖరీదా?’ అని ఇంట్లో తప్పక అడుగుతారు. ఐఫోన్‌తో జత చేస్తే మెసేజ్ చదవొచ్చు కానీ వాచీ నుంచి జవాబు ఇవ్వలేరు. ఆండ్రాయిడ్‌తో అయితే ముందే రాసిపెట్టిన చిన్న జవాబులు పంపొచ్చు.

ఐదు నుంచి పదిహేను వేల మధ్య

నన్నడిగితే మన ఇళ్లలో ఎక్కువమందికి సరిపోయేది ఈ వర్గమే, ఎక్కువమంది చూడకుండా దాటిపోయేదీ ఇదే. అమేజ్‌ఫిట్ వాచీల్లో పలక, గుండ్రం రెండూ ఉన్నాయి. అమోలెడ్ తెర, జీపీఎస్, వారం దాటే బ్యాటరీ, ఏ ఫోన్‌తోనైనా జత. యాప్‌లు పెద్దగా ఉండవు, మెసేజ్‌లు చదువుకోవడం వరకే. సీఎంఎఫ్ వాచ్ ప్రో 2లో తెర చుట్టూ ఉన్న అంచును తిప్పి తీసి వేరేది పెట్టుకోవచ్చు. గీతలు పడేది మొదట అక్కడే కాబట్టి ఇది షోకే కాదు, పనికొచ్చే ఆలోచన.

రెండు వేల లోపు బ్లూటూత్ కాలింగ్ వాచీలు

నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్, ఫాస్ట్‌ట్రాక్ పేర్లతో ఇవి వెల్లువలా వచ్చాయి. చాలావాటి రూపం ఆపిల్ వాచ్‌కో అల్ట్రాకో నకలు: నారింజ రంగు బటన్, అలల బెల్టు, కదలని కీ. చిన్నచూపు చూడనక్కర్లేదు. ఫోన్ పక్క గదిలో ఛార్జ్‌లో ఉండగా వంటింట్లోంచే కాల్ మాట్లాడటం నిజంగా సౌకర్యం. బస్సులో మాట్లాడితే మాత్రం అవతలివాళ్ల మాట బస్సంతటికీ వినిపిస్తుంది. అడుగుల లెక్క సుమారుగా ఉంటుంది, మెసేజ్ వస్తే అదురుతుంది. అంతవరకే ఆశించి కొంటే నిరాశ ఉండదు.

పేచీ ఆరోగ్యం దగ్గర వస్తుంది. ‘షుగర్ చూపిస్తుంది’ అనే వాచీ ఎంత చవకైనా, ఎంత ఖరీదైనా కొనకండి. చర్మం గుచ్చకుండా తనంతట తానే రక్తంలో షుగర్ కొలిచే ఏ స్మార్ట్‌వాచ్‌కూ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. బీపీ కూడా అంతే. శాంసంగ్ వాచీలోనే అయినా మామూలు బీపీ మిషన్‌తో 28 రోజులకోసారి సరిచూసి పెట్టాలి. అలాంటి సరిచూపు ఏదీ అడగకుండా చవక వాచీ బీపీ చెబుతోందంటే షాపులోనే నీళ్ల సీసాకు చుట్టి కొలవమనండి. సీసాకు కూడా బీపీ ఉందని చెబితే మీకు జవాబు దొరికినట్టే.

ఎవరికి ఏది

రోజంతా మీటింగుల్లో ఉండి, ఫోన్ బయటికి తీయకుండా మెసేజ్‌లు చూసుకోవాల్సినవాళ్లకు: ఐఫోన్ అయితే ఆపిల్ ఎస్ఈ లేదా పాత సిరీస్, ఆండ్రాయిడ్ అయితే గెలాక్సీ.

ఇంటి పని, వంట, పిల్లల స్కూలు పరుగుల మధ్య ఉండే వాళ్లకు తేలికగా, సన్నగా, బటన్‌తో టైమర్ ఆపగలిగే వాచీ కావాలి. 40–43 మి.మీ. లోపు, వారం బ్యాటరీ. అమేజ్‌ఫిట్‌లో చిన్న సైజులు చూడండి. వాచీ అంటేనే చేతికి అడ్డం అనిపిస్తే షావోమీ బ్యాండ్ లాంటి సన్న పట్టీ చాలు.

కాలేజీ పిల్లలకు ఖరీదైనది వద్దు. ఈఏపీసెట్, నీట్ లాంటి పరీక్షలకు ఏ వాచీనీ లోపలికి రానివ్వరు. బయట బ్యాగులో వదిలేసి మూడు గంటలు పరీక్ష రాయడం టెన్షన్.

పెద్దవాళ్ల విషయంలో బ్యాటరీ కంటే అక్షరం సైజు, బెల్టు పెట్టుకునే తీరు ముఖ్యం. రంధ్రంలో పిన్ను దూర్చే బెల్టు వణికే చేతులకు కష్టం. వెల్క్రో ఉన్న నైలాన్ బెల్టు అయితే ఒంటిచేత్తో బిగించుకోవచ్చు. చెమటకు సిలికాన్ కింద దద్దుర్లు వచ్చేవాళ్లకూ ఇదే మందు. తోలు బెల్టు మన ఎండాకాలంలో రెండు నెలలకే వాసన వస్తుంది, పెళ్లిళ్లకు పక్కన పెట్టుకోండి.

వాచీతో డబ్బు కట్టేయొచ్చని ఊహించుకుంటున్నవాళ్లకు ఒక మాట. న్యూజెర్సీలో కార్డు మెషిన్‌కు చేయి ఆనించి కట్టడం రోజూ జరిగేదే. ఇక్కడ కిరాణా కొట్టులో ఉండేది క్యూఆర్ బొమ్మ. ఆ బొమ్మను స్కాన్ చేయడానికి ఈ వాచీల్లో దేనికీ కెమెరా లేదు, ఫోన్ తీయాల్సిందే.

బిల్లు కట్టేముందు

బెల్టు వెడల్పు 20 లేదా 22 మి.మీ. అని, చిన్న మీటతో ఊడేలా ఉంటే బయట వంద రూపాయల నుంచి దొరుకుతుంది. ఆపిల్‌ది సొంత పద్ధతి, అయినా దానికి సరిపడేవి ఎక్కడైనా అమ్ముతారు. గెలాక్సీ వాచ్ 7 దాకా మామూలు 20 మి.మీ. బెల్టు పడుతుంది. గెలాక్సీ అల్ట్రా, వాచ్ 8లకు వేరే పద్ధతి, ఏ బెల్టంటే అది పట్టదు.

ఛార్జర్ కూడా చేతిలోకి తీసుకుని చూడండి. వెనక రెండు పిన్నులు ఆనుకునే రకమైతే చెమట ఉప్పుకు అవి నల్లబడి ఛార్జ్ ఎక్కడం మానేస్తాయి, వారానికోసారి పొడి గుడ్డతో తుడవాలి. ఆ వైరు పోతే అదే మోడల్‌ది విడిగా దొరుకుతుందా, ఎంత, మీ జిల్లాలో సర్వీస్ సెంటర్ ఉందా, ఏడాది వారంటీలో బ్యాటరీ ఉందా అని అక్కడే అడిగి, జవాబు బిల్లు మీద రాయించుకోండి.